ఉమ్మడి జార్‌లు టామ్‌క్యాట్‌లో ఒకేచోట పెట్టాలా, ఏ యాప్‌వి ఆ యాప్‌లోనే ఉంచాలా?

గుండ్లకమ్మ (ఒంగోలు):
అందరికీ నమస్కారం. మా ఆఫీసులో ఈ వాదన తేలడం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

మాది ఒంగోలులో చిన్న టీమ్. ఒకే లినక్స్ సర్వర్, 8 జీబీ ర్యామ్, దాని మీద టామ్‌క్యాట్ 9 (జావా వెబ్ యాప్‌లు నడిపే సర్వర్ ప్రోగ్రామ్). చీమకుర్తిలో ఒక గ్రానైట్ యార్డు లోడింగ్ లెక్కలు, రొయ్యల మేత డీలర్ల ఖాతాలు, ఒక డిగ్రీ కాలేజీ ఫీజులు, ఒక ఆసుపత్రి ఓపీ చీటీలు, ఇలా ఏడు యాప్‌లు దాని మీదే నడుస్తున్నాయి. దాదాపు అన్నిట్లో అవే జార్‌లు (రెడీమేడ్ జావా కోడ్ ఫైళ్లు, అంటే లైబ్రరీలు): యాప్‌కు పునాదిగా స్ప్రింగ్, డేటాబేస్ పనికి హైబర్నేట్, జేసన్ డేటాకు జాక్సన్, ఎక్సెల్ కోసం పీఓఐ, పీడీఎఫ్ తయారీకి ఒకటి, పోస్ట్‌గ్రెస్ డ్రైవర్. సర్వర్‌కు ఎక్కించే వార్ ఫైల్లో (యాప్ మొత్తం కట్టిన మూట) మేం రాసిన కోడ్ కొంచెమే, మిగతాదంతా లైబ్రరీలే. చిన్న స్పెల్లింగ్ దిద్దినా ఆ బరువంతా మళ్లీ అప్‌లోడ్ చేయాలి. కరెంటు పోయి, మొబైల్ హాట్‌స్పాట్ మీద పని చేసే రోజుల్లో అది నరకం.

నేననేది ఇది. ఈ జార్‌లన్నీ సర్వర్ మీద ఒక ఫోల్డర్‌లో పెట్టి, టామ్‌క్యాట్ సెట్టింగులుండే క్యాటలినా ప్రాపర్టీస్ ఫైల్లో షేర్డ్ లోడర్ అన్న లైన్ దగ్గర ఆ ఫోల్డర్ దారి రాయాలి. వార్‌లు చిన్నవవుతాయి. స్ప్రింగ్ క్లాసులు (జావా కోడ్ ముక్కలు) ఏడుసార్లు కాకుండా ఒక్కసారే మెమరీలోకి వస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, సెక్యూరిటీ ప్యాచ్ వస్తే ఒక్కచోట మార్చి రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. మా టీమ్‌లో సగం మంది వద్దంటున్నారు. ఇలా నిజంగా నడిపినవాళ్లు చెప్పండి.

కావలి_ఆప్స్:
గుండ్లకమ్మ గారూ, ఆ సగం మంది మాట వినండి. నేను గట్టిగా వద్దనే అంటాను.

ముందు క్లాస్‌లోడర్ల (క్లాసుల్ని వెతికి మెమరీలోకి తెచ్చే భాగాల) వరుస చూద్దాం. మామూలు సెట్టింగ్‌లో టామ్‌క్యాట్ మొదట జావా సొంత క్లాసులు చూస్తుంది, తర్వాత యాప్ సొంత కోడ్ ఉండే వెబ్-ఇన్ఫ్ క్లాసెస్ ఫోల్డర్, ఆ తర్వాత యాప్ జార్‌లుండే వెబ్-ఇన్ఫ్ లిబ్. అక్కడ దొరక్కపోతేనే పైనున్న ఉమ్మడి లోడర్ దగ్గరికి వెళ్తుంది. యాప్ పైకి చూడగలదు, పైనున్న జార్ మాత్రం కిందికి చూడలేదు. మీ గొడవంతా ఇక్కడే మొదలవుతుంది.

హైబర్నేట్‌ను పైన పెట్టారనుకోండి. మీ ఎంటిటీ క్లాసులు (డేటాబేస్ టేబుళ్లకు జోడీగా రాసినవి) కింద యాప్‌లో ఉంటాయి. పైనున్న హైబర్నేట్ వాటిని పని నడిపే థ్రెడ్‌కు తగిలించిన కాంటెక్స్ట్ క్లాస్‌లోడర్ ద్వారా వెతుక్కోవాలి. వెబ్ రిక్వెస్టుల్లో టామ్‌క్యాట్ దాన్ని సరిగ్గా పెడుతుంది కాబట్టి పగలంతా బాగానే నడుస్తుంది. ఉమ్మడి జార్‌లో ఎక్కడో ఒక స్టాటిక్ థ్రెడ్‌పూల్ (అన్ని యాప్‌లూ పంచుకునే థ్రెడ్‌ల గుంపు) ఉందనుకుందాం. దాన్ని మొదట వాడిన యాప్ లోడరే ఆ థ్రెడ్‌లకు అంటుకుని ఉండిపోతుంది. రాత్రికి రెండో యాప్ బ్యాచ్ జాబ్ అదే పూల్‌లో నడిస్తే తన క్లాసే తనకు దొరకదు, క్లాస్ నాట్ ఫౌండ్ అని పడిపోతుంది. లాగ్ చూసినవాడికి ఏమీ అర్థం కాదు, జార్ కళ్లముందే ఉంటుంది మరి.

రెండోది. జాక్సన్ పైన పెట్టి, ఒక యాప్ వెబ్-ఇన్ఫ్ లిబ్‌లో పాత కాపీ తీయడం మర్చిపోతే జేవీఎమ్‌కు (జావా కోడ్‌ను నడిపే ప్రోగ్రామ్‌కు) అవి రెండు వేర్వేరు క్లాసులు. పేరు ఒకటే, లోడర్లు వేరు. పైనున్న యుటిలిటీ జార్ ఇచ్చిన ఆబ్జెక్ట్‌ను యాప్ తన క్లాస్‌గా మార్చుకోబోతే క్లాస్ కాస్ట్ ఎక్సెప్షన్ వస్తుంది. ఒకే పేరు రెండు పక్కలా చూపించి, ఇది అది కాదంటుంది. దాంతో తల పట్టుకున్నవాళ్లు మన జిల్లాల్లోనే బోలెడుమంది ఉంటారు.

చీమకుర్తి_కోడర్:
అన్నా, మరి డేటాబేస్ డ్రైవర్? దాన్ని పైనే పెట్టమంటారు కదా అందరూ.

కావలి_ఆప్స్:
అది వేరు తమ్ముడూ, నేనూ ఒప్పుకుంటాను. కనెక్షన్ పూల్‌ను (డేటాబేస్‌కు తెరిచి ఉంచే కనెక్షన్ల గుంపును) జేఎన్‌డీఐ (పేరు చెప్పి వస్తువు తెచ్చుకునే జావా పద్ధతి) ద్వారా టామ్‌క్యాటే తయారు చేసి ఇస్తుంటే డ్రైవర్ టామ్‌క్యాట్‌కు కనబడాలి, కాబట్టి టామ్‌క్యాట్ ఇన్‌స్టాల్ చేసిన ఫోల్డర్, అంటే క్యాటలినా హోమ్‌లోని లిబ్‌లోనే ఉండాలి. ఇంకో లాభం కూడా ఉంది. డ్రైవర్ యాప్ లోపల ఉంటే జేవీఎమ్ మొత్తానికి ఒకటే అయిన డ్రైవర్ మేనేజర్ దగ్గర పేరు నమోదు చేసుకుంటుంది. యాప్‌ను తీసేసినా ఆ నమోదు మిగిలితే పాత యాప్ లోడర్ మెమరీలోంచి పోదు. టామ్‌క్యాట్ అలాంటివి గుర్తుపట్టి తనే తీసేసి లాగ్‌లో హెచ్చరిక రాస్తుంది, కానీ ఆ పరిస్థితే రాకుండా చూసుకోవడం మంచిది. కంటైనర్ (ఇక్కడ టామ్‌క్యాట్) తనే వాడే వస్తువు కంటైనర్ దగ్గర ఉండటం న్యాయం. స్ప్రింగ్ అలాంటిది కాదు.

గుండ్లకమ్మ (ఒంగోలు):
మీరు చెప్పిన ఇబ్బందులు నిజమే, కాదనను. కానీ 2021 డిసెంబర్ గుర్తు తెచ్చుకోండి. లాగ్‌ఫోర్‌జే అనే లాగ్‌లు రాసే లైబ్రరీలో లాగ్‌ఫోర్‌షెల్ లోపం, సీవీఈ-2021-44228, తీవ్రత పదికి పది. దిద్దిన వెర్షన్ 2.15.0 వచ్చింది, అది చాలదని 2.16.0, తర్వాత 2.17.0, నెల తిరక్కుండానే 2.17.1. ప్రతిసారీ ప్రతి వార్‌నూ మళ్లీ బిల్డ్ చేసి, పరీక్షించి, ఎక్కించాలి. మా ఏడింటిలో రెండు యాప్‌లకు మా దగ్గర సోర్స్ కూడా లేదు. ఎవరో చేసిచ్చి వెళ్లిపోయారు, వార్ మాత్రమే మిగిలింది. జార్ ఉమ్మడిగా ఒకచోట ఉంటే ఒక్క ఫైలు మార్చి రీస్టార్ట్ చేస్తే ఆ రాత్రికి నిద్రపడుతుంది. 2017లో అమెరికా క్రెడిట్ సమాచార సంస్థ ఈక్విఫాక్స్‌లో ఏం జరిగింది? స్ట్రట్స్ అనే జావా లైబ్రరీ లోపానికి ప్యాచ్ మార్చిలోనే వచ్చింది. అది వేయని ఒక్క అప్లికేషన్ వల్ల 14 కోట్ల పైచిలుకు మంది వివరాలు బయటికి పోయాయి. నా భయం అది. క్లాస్‌లోడర్ తికమక వస్తే పని ఆగుతుంది, అంతే. ప్యాచ్ వేయని జార్ మూలాన పేషెంట్ల వివరాలు పోతే ఎవరు జవాబు చెబుతారు?

పెన్నా_తీరం (నెల్లూరు):
ఇద్దరి బాధా అర్థమవుతోంది. నేను కొన్నేళ్లు వెబ్‌లాజిక్, వెబ్‌స్ఫియర్ అనే జావా సర్వర్ల మీద పనిచేశాను. పెద్ద సర్వర్లలో ఉమ్మడి లైబ్రరీ కొత్త సంగతేం కాదు. వెబ్‌లాజిక్‌లో షేర్డ్ లైబ్రరీని డిప్లాయ్ చేసేటప్పుడు దాని వివరాల ఫైలైన మ్యానిఫెస్ట్‌లో పేరు, స్పెసిఫికేషన్ వెర్షన్, ఇంప్లిమెంటేషన్ వెర్షన్ రాస్తాం. యాప్ తన ఫైల్లో నాకు ఫలానా వెర్షనే కావాలి అని అడగొచ్చు. ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లు ఒకే సర్వర్ మీద పక్కపక్కనే ఉంటాయి. వైల్డ్‌ఫ్లై సర్వర్‌లో మాడ్యూళ్లదీ ఇంచుమించు అదే పద్ధతి.

టామ్‌క్యాట్ లిబ్ ఫోల్డర్‌కు ఆ తెలివి లేదు. అందులో ఉన్నది అందరికీ ఒకటే. గుండ్లకమ్మ గారి ప్రతిపాదనలో నాకు కనబడే లోపం అదొక్కటే, కానీ అది చిన్నది కాదు.

నా కళ్లతో చూసిన సంగతి చెబుతాను. ఒక క్లయింటు దగ్గర ఉమ్మడి ఫోల్డర్ ఉండేది. ఒక యాప్‌కు కొత్త సౌకర్యం కావాలని పీడీఎఫ్ జార్ వెర్షన్ పెంచారు. సర్వర్ చక్కగా లేచింది, ఏ ఎర్రరూ లేదు. రెండ్రోజుల తర్వాత ఇంకో యాప్‌లో బిల్లు ప్రింట్ నొక్కితే నో సచ్ మెథడ్ ఎర్రర్. జావా ఒక మెథడ్‌ను దాన్ని పిలిచినప్పుడే వెతుకుతుంది, స్టార్టప్‌లో కాదు. అందువల్ల సర్వర్ లేచింది కదా అని ధైర్యపడటానికి లేదు. ఆ బిల్లు యాప్‌ను ఎవరూ ముట్టుకోలేదు, కాబట్టి ఎవరూ పరీక్షించలేదు. కౌంటర్ దగ్గర జనం నిలబడి ఉన్నారు. అక్కడున్న అమ్మాయి ఏడుపు మొహం నాకింకా గుర్తుంది.

లాగ్‌ఫోర్‌జే సంగతికి వస్తే, సోర్స్ లేని వార్‌కు కూడా అప్పుడు దారి ఉంది. జార్‌లోంచి జేఎన్‌డీఐ లుకప్ క్లాస్‌ను తీసేయమని అపాచీ వాళ్లే తాత్కాలిక ఉపాయం చెప్పారు. వార్ విప్పి, జార్ మార్చి, మళ్లీ కట్టుకోవచ్చు. దానికి బిల్డ్ అక్కర్లేదు.

సింగరాయకొండ_జావా:
అసలు సర్వర్ మీద ఎందుకు పంచుకోవాలి? బిల్డ్ దగ్గరే పంచుకోండి. యాప్‌లు బిల్డ్ చేసే మావెన్‌లో ఒక పేరెంట్ పామ్ (అన్నిటికీ ఉమ్మడి సెట్టింగుల ఫైలు) పెట్టి, వెర్షన్లన్నీ డిపెండెన్సీ మేనేజ్‌మెంట్‌లో రాయండి. ప్యాచ్ వస్తే ఒక్క లైను మారుస్తారు, బిల్డ్ సర్వర్ జెంకిన్స్ అన్ని వార్‌లూ కట్టేస్తుంది. ఏ యాప్‌లో ఏ జార్ ఉందో డిపెండెన్సీ ట్రీ కమాండ్ కొడితే వచ్చేస్తుంది.

గుండ్లకమ్మ (ఒంగోలు):
బ్రదర్, సోర్స్ ఉన్న ఐదింటికి అది చేస్తాం, సరే. బిల్డ్ సర్వర్ క్లౌడ్‌లో పెట్టుకుంటే అప్‌లోడ్ బాధ కూడా తగ్గుతుంది, ఒప్పుకుంటాను. మరి మెమరీ? 8 జీబీలో ఏడు స్ప్రింగ్‌లు.

కావలి_ఆప్స్:
మెమరీ మాట ఊహించకండి, కొలవండి. జావాతో వచ్చే జేసీఎండీ కమాండ్‌తో వీఎమ్ క్లాస్‌లోడర్ స్టాట్స్ అడిగితే ఏ యాప్ లోడర్ ఎన్ని క్లాసులు ఎత్తుకుంది, మెటాస్పేస్‌లో (క్లాసులుండే మెమరీలో) ఎంత తింటోంది, లైను లైనుగా చెబుతుంది. జావా 7 వరకు క్లాసుల మెమరీకి పర్మ్‌జెన్ అనే హద్దు ఉండేది, అప్పట్లో మీ వాదనకు బలముండేది. 2014లో జావా 8 వచ్చాక అది పోయింది. నేను చూసిన సర్వర్లలో ర్యామ్ తినేది హీప్‌లోని (డేటా ఉండే మెమరీలోని) సెషన్లు, క్యాష్‌లు, ఎవరో మొత్తం టేబుల్‌ను లిస్ట్‌లోకి లాగిన క్వెరీలు. ఉమ్మడిగా పెడితే ఇంకో ప్రమాదం కూడా ఉంది. పైనున్న లైబ్రరీ తన స్టాటిక్ మ్యాప్‌లో మీ యాప్ క్లాస్ ఒక్కటి దాచుకున్నా, ఆ యాప్‌ను రీడిప్లాయ్ చేసినప్పుడు పాత లోడర్ మొత్తం అలాగే వేలాడుతుంది. మెమరీ మిగులుద్దామని చేసిన పని మెమరీ లీక్ అవుతుంది.

అసలు నా ప్రధాన అభ్యంతరం ఇప్పుడు చెబుతాను. నలుగురు రైతులకు ఒకే బోరు ఉంటే, ఒకరు మోటారు మార్చాలన్నా నలుగురి తడీ ఆగుతుంది. మీ దగ్గర కాలేజీ, ఆసుపత్రి, గ్రానైట్ యార్డు, మేత డీలర్లు ఉన్నారు. వీళ్లలో ఎవరికీ ఎవరితోనూ సంబంధం లేదు. 2022 నవంబర్‌లో వచ్చిన స్ప్రింగ్ 6 జావా 17 అడుగుతుంది, కోడ్‌లో పాత జావాఎక్స్ ప్యాకేజీ పేర్లు వదిలి జకార్తా పేర్లకు మారమంటుంది, అంటే టామ్‌క్యాట్ 10 కావాలి. ఉమ్మడి ఫోల్డర్ పెట్టుకుంటే ఆ మార్పు నలుగురికీ ఒకే రాత్రి చేయాలి. ఎవరివి వాళ్లకుంటే టామ్‌క్యాట్ 9, 10 వేర్వేరు క్యాటలినా బేస్‌లతో (విడివిడి టామ్‌క్యాట్ ఫోల్డర్లతో), వేర్వేరు పోర్టుల మీద నడుపుతూ ఒక్కొక్కరినీ మెల్లగా మార్చొచ్చు.

చీమకుర్తి_కోడర్:
ఇది నాకు బాగా ఎక్కింది. మా దగ్గరా యార్డు వాళ్లు రాత్రి లోడింగ్ పెట్టుకుంటారు, ఎప్పుడు ఆపుదామన్నా కుదరదు.

పెన్నా_తీరం (నెల్లూరు):
మధ్యే దారి ఒకటుంది, టామ్‌క్యాట్ 8 నుంచి. యాప్ కాంటెక్స్ట్ ఫైల్లో (ఆ యాప్‌కు టామ్‌క్యాట్ సెట్టింగులుండేది) రిసోర్సెస్ కింద పోస్ట్ రిసోర్సెస్ అని రాసి, సర్వర్ మీది ఒక ఫోల్డర్‌ను ఆ యాప్ వెబ్-ఇన్ఫ్ లిబ్‌కు తగిలించవచ్చు. ఫైళ్లు డిస్క్ మీద ఒకేచోట ఉంటాయి. కానీ ప్రతి యాప్ వాటిని తన సొంత లోడర్‌తోనే ఎత్తుకుంటుంది. కావలి గారు చెప్పిన లోడర్ తికమకలు రావు. ఫోల్డర్ పేర్లలోనే వెర్షన్ పెట్టుకోండి, 2024-01, 2024-06 అన్నట్టు. ఏ యాప్ ఏ ఫోల్డర్ వాడాలో దాని కాంటెక్స్ట్ ఫైలు చెబుతుంది. వార్ చిన్నదవుతుంది. ప్యాచ్ వస్తే కొత్త ఫోల్డర్ తయారు చేసి, పరీక్షించిన యాప్‌ను ముందు దానికి మార్చండి, మిగతావి తర్వాత.

దీంతో మెమరీ మిగలదు, అది ముందే చెబుతున్నా. ఇంకో జాగ్రత్త: అదే లైబ్రరీ వేరే వెర్షన్ వార్ లోపల కూడా మిగిలి ఉంటే, యాప్ సొంత ఫైళ్లు ముందు, పోస్ట్ రిసోర్సెస్ తర్వాత. మీరు ప్యాచ్ వేశామనుకుంటారు, నడిచేది పాతదే.

గుండ్లకమ్మ (ఒంగోలు):
అక్కా, ఇది నాకు తెలియదు, చాలా థాంక్స్. నేను ఇలా అనుకుంటున్నాను: డ్రైవర్ లిబ్‌లో. మా ఐదు యాప్‌లకు పేరెంట్ పామ్, దాంతోపాటు ఈ పోస్ట్ రిసోర్సెస్ ఫోల్డర్. సోర్స్ లేని రెండూ వేరే క్యాటలినా బేస్‌లో, విడి జేవీఎమ్‌గా. అయితే అర్జెంటు సెక్యూరిటీ ప్యాచ్ రోజున మాత్రం ఐదింటికీ ఫోల్డర్ ఒకేసారి మారుస్తాను. అక్కడ ఒక్కో యాప్ కోసం ఆగను. ఈ విషయంలో నా మాట మారలేదు.

కావలి_ఆప్స్:
సెటప్ బాగుంది గుండ్లకమ్మ గారూ. ఆ చివరి మాటకే నేను ఒప్పుకోలేను. ఆ రోజు కాలేజీ ఫీజుకు ఆఖరి తేదీ అయితే?

గుండ్లకమ్మ (ఒంగోలు):
అయినా మారుస్తాను. ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేసి, గంటసేపు ఫీజు కౌంటర్ ఆపమని అడుగుతాను. నంబరు ఇప్పటికే సర్వర్ రన్‌బుక్‌లో (ఏది ఎలా చేయాలో రాసుకున్న సూచనల్లో) రాసి పెట్టాం.

కావలి_ఆప్స్:
అయితే ఆసుపత్రి నంబరు కూడా రాసి పెట్టండి. ఓపీ టైంలో వాళ్లు గంట ఒప్పుకోరు, చేతిరాత చీటీల పుస్తకం సిద్ధంగా ఉంచమని ముందే చెప్పాలి.