జిమ్ పోస్టుల మీద పరిశోధన: "ఖాళీ బార్‌తో మొదలుపెట్టు" అన్న మాటను ఏ కోడ్ కింద వేయాలి?

చదువరి_2

అందరికీ నమస్కారం. బరువులెత్తే మగవాళ్లు ఆన్‌లైన్‌లో తమ ఒంటి గురించి ఏం రాసుకుంటారన్నది నా పీహెచ్‌డీ అంశం. ఇది రెండో ఏడు. ఆరేళ్లుగా నేనూ బరువులు ఎత్తుతున్నాను, అందుకని వాళ్ల భాష నాకు కొత్త కాదు.

మొదట సామాజిక శాస్త్రవేత్త రేవిన్ కానెల్ చెప్పిన 'ఆధిపత్య పురుషత్వం' అన్న భావన తీసుకుని, పోటీ, గొప్పలు, ఎగతాళి, సన్నగా ఉన్నవాణ్ని చిన్నచూపు చూడటం, ఇలా కోడ్ల పట్టిక (ప్రతి కామెంట్‌కీ తగిలించే అర్థం పేర్ల జాబితా) రాసుకున్నాను. అవన్నీ దొరికాయి. కానీ పట్టికలో ఎక్కడా ఇమడనివి రోజూ తగులుతున్నాయి.

ఉదాహరణకి ఒకతను రాశాడు: నాన్న పోయి మూడు వారాలైంది, 140 కిలోల స్క్వాట్ చేసేవాణ్ని, ఇప్పుడు 100 కూడా లేవట్లేదు, ప్రోగ్రామ్ మార్చాలా? కింద ఇరవై దాకా జవాబులు. నిద్ర ఎన్ని గంటలు పోతున్నావ్? ఖాళీ బార్‌తో (బరువులు తగిలించని కడ్డీతో) మొదలుపెట్టు. ఈ నెల బరువులు నోట్‌బుక్‌లో రాయకు. చావు గురించి దాదాపు ఎవరూ ఎత్తలేదు. నేను వీటన్నిటికీ 'సాంకేతిక సలహా' అని కోడ్ వేసి ముందుకు వెళ్లిపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అవి సలహాలు కావు, ఓదార్పు అని నాకు తెలుసు. మా గైడ్‌కి చెబితే "నువ్వు జిమ్ మనిషివి కాబట్టి నీకు అలా అనిపిస్తోంది, రుజువు చూపించు" అన్నారు.

ఎలా చూపించాలి? ఇంకో సంగతి, ఇలాంటి పోస్టుల్ని థీసిస్‌లో మాటకు మాట ఉటంకించవచ్చా?

పాత_కాగితాలు

మీ గైడ్ గారు అడిగింది న్యాయమే. అయితే ఇబ్బంది మీ పట్టికతోనే మొదలైంది. ఆధిపత్య పురుషత్వం అంటే కొన్ని గుణాల మూట కాదు. మగవాళ్లకూ ఆడవాళ్లకూ మధ్య, మగవాళ్లలో మగవాళ్లకే మధ్య ఉండే హెచ్చుతగ్గుల అమరిక అది. 2005లో కానెల్, మెసర్‌ష్మిట్ కలిసి రాసిన వ్యాసం ఆ భావనను లక్షణాల జాబితాగా వాడటాన్నే తప్పుపట్టింది. పోటీ, గొప్పలు, ఎగతాళి అని మీరు రాసుకున్నది అచ్చం అలాంటి జాబితానే.

ఒక్కో కామెంట్‌ను విడదీసి కోడ్ చేయకండి. మొత్తం సంభాషణను ఒక యూనిట్‌గా తీసుకుని, ప్రతి మాటకీ రెండు కోడ్లు వేయండి: పైకి ఏం చెబుతోంది, అక్కడ ఏం పని చేస్తోంది. 'బరువులు రాయకు' పైకి ట్రైనింగ్ సలహా. అది చేసే పని, కొలతల నుంచి ఒక మనిషికి సెలవివ్వడం. పక్కపక్కన పెడితే రుజువు అదే కనబడుతుంది.

ఇంకా ముఖ్యమైనది, ఈ ఓదార్పు ఎవరికి దక్కుతోంది? 140 ఎత్తినవాడికి దక్కింది. నిన్న జిమ్‌లో చేరినవాడు ఇదే రాస్తే ఎవరైనా పలికారా? ఆధిపత్యం అక్కడ దొరుకుతుంది.

1993లో మానవశాస్త్రవేత్త అలన్ క్లైన్ కాలిఫోర్నియా బాడీబిల్డర్ల గురించి రాస్తూ, కండల వెనక అభద్రత ఉందన్నాడు. సౌత్ వేల్స్‌లో ఫీల్డ్‌వర్క్ చేసిన సామాజిక శాస్త్రవేత్త లీ మొనాగన్ 2001లో ఆ తరహా వివరణను ఒప్పుకోలేదు. ఇద్దర్నీ చదవండి. నా మొగ్గు మొనాగన్ వైపే.

ఇనపచెయ్యి

బ్రో, నాకు థియరీ తెలీదు. నా కథ చెప్తా, పనికొస్తే వాడుకో.

నేను 92 కిలోలున్నప్పుడు ఒక పోస్టు పెట్టా. చొక్కా వేసుకుంటే సన్నగా కనిపిస్తున్నా, ఎక్కడ తప్పు చేస్తున్నా అని. రోజుకి 300 క్యాలరీలు పెంచమన్నారు, భుజాలకి సెట్లు పెంచమన్నారు. ఒక్కరు కూడా వెక్కిరించలేదు. అందరూ మంచి మనసుతోనే చెప్పారు. నేనప్పటికే ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కాలు వేస్తున్నా. బయట తినాల్సొస్తుందని స్నేహితులతో ఎటూ వెళ్లట్లేదు. అవి నేను రాయలేదు, ఎవరూ అడగలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

ఒంట్లో కండ ఎంతున్నా సన్నగా ఉన్నాననే అనిపించే ఆ జబ్బుకి పేరుందని అప్పుడే తెలిసింది. మానసిక వైద్యుడు హారిసన్ పోప్ బృందం 1993లో 108 మంది మగ బాడీబిల్డర్లను చూసి దాన్ని 'రివర్స్ అనోరెక్సియా' అంది. 1997లో 'మజిల్ డిస్మార్ఫియా' అని పేరు మార్చారు. 2013 నాటి డీఎస్ఎమ్-5లో, అంటే అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ పుస్తకంలో, అది బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ (తన రూపంలో లోపముందని అదే పనిగా బాధపడే జబ్బు) కింద ఉంది.

ఇంకోటి. ఎఫ్ఎఫ్ఎమ్ఐ (ఫ్యాట్-ఫ్రీ మాస్ ఇండెక్స్) 25 అని మనందరం లెక్కేసుకుంటాం కదా, కొవ్వు తీసేసిన బరువుని ఎత్తు వర్గంతో భాగించి. ఆ 25 కూడా పోప్ వాళ్ల 1995 పేపర్లోదే. 157 మంది అథ్లెట్లను కొలిచి, స్టెరాయిడ్లు వాడనివాళ్లు దాదాపు 25 దగ్గర ఆగుతున్నారని చెప్పారు. స్టెరాయిడ్ వాడకాన్ని పసిగట్టడానికి పనికొస్తుందని వాళ్లు చెప్పిన అంకె అది. నేను దాన్ని చేరాల్సిన గమ్యం చేసుకున్నా. రోజూ పొద్దున్నే లెక్క కట్టేవాణ్ని.

అందుకే జవాబుల్లో ఏం చెప్పారో ఒక్కటే కాదు, ఏం అడగలేదో కూడా రాసుకో.

మూడో_కిటికీ

రెండో ప్రశ్నకి: మాటకు మాట వద్దు. సెర్చ్‌లో ఆ వాక్యం పెడితే మనిషి దొరికిపోతాడు. అందరికీ కనబడేది కదా అనే వాదన చాలదు, అతను రాసింది బరువులెత్తే తోటివాళ్ల కోసం, మీ పరీక్షకుల కోసం కాదు. ఇంటర్నెట్ పరిశోధకుల సంఘం 2002లో ఇచ్చి, 2012, 2019ల్లో సవరించిన నైతిక సూచనలు చూడండి. రెండు మూడు పోస్టుల్ని కలిపి ఒకటిగా రాయొచ్చని 2012లో అనెట్ మార్కమ్ ప్రతిపాదించారు. మీరు పైన ఇచ్చిన ఉదాహరణ నిజం పోస్టే అయితే ముందు దాన్ని మార్చండి.

చదువరి_2

మూడో_కిటికీ గారూ, పైనున్నది రెండు పోస్టులు కలిపి, అంకెలు మార్చి రాసిందే. థీసిస్‌లోనూ అలాగే చేస్తాను.

ఇనపచెయ్యి అన్నా, నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. వాడుకోమన్నావు, కానీ నిన్ను విడిగా అడిగి, అనుమతి పత్రం చూపించాకే వాడతాను.

పాత_కాగితాలు గారూ, మీరన్నట్టు ఆ సంభాషణల్లో ఒకదాన్ని మొదటి నుంచి మళ్లీ చదివాను. మధ్యలో ఎవరో "అమ్మ ఎలా ఉన్నారు?" అని మాత్రమే రాశారు. పోస్టు పెట్టినతను రెండు రోజుల తర్వాత వచ్చి జవాబిచ్చింది ఆ ఒక్క కామెంట్‌కే. నా పట్టికలో దానికి 'అంశానికి సంబంధం లేనిది' అని కోడ్ వేసి ఉంది. ఈ రాత్రి మళ్లీ ఒకటో పోస్టు నుంచి మొదలుపెడుతున్నాను.