మొదటి తెలుగు పుస్తకంగా మన గోదావరి కథలే ఇవ్వాలా?

కాలవగట్టు, పాలకొల్లు

ఈ నెల ఎవరేం చదువుతున్నారో చెప్పుకునే ముందు ఒక తగువు పెడుతున్నాను, తీర్చండి.

మా మేనకోడలు మొదట్నుంచీ ఇంగ్లీషు మీడియమే. హైదరాబాదులో ఉద్యోగం. ఇంగ్లీషు నవలలు ఊదిపారేస్తుంది గానీ తెలుగంటే బస్సు బోర్డులూ పెళ్ళి శుభలేఖలే. అలాంటి పిల్ల సంక్రాంతికొచ్చి, తనంతట తనే "మావయ్యా, తెలుగులో ఏదన్నా చదువుతాను, ఇవ్వు" అంది. 'బారిస్టరు పార్వతీశం' మొదటి భాగం చేతిలో పెట్టాను. పార్వతీశం ఊరు మొగల్తూరు మనకెంత దూరం? నిడదవోలులో రైలెక్కడం మనవాళ్ళకి తెలియందా? మొన్న ఫోన్లో అడిగితే "బావుంది మావయ్యా, మెల్లిగా చదువుతున్నా" అంది. అంటే మూసేసిందనే.

మా ఆవిడ అనేదేంటంటే, దానికి ఊరు కొత్త కాదు, అక్షరం కొత్త. కాబట్టి పేజీ తిప్పించే కథ కావాలి, అది చిత్తూరుదైనా ఆదిలాబాదుదైనా ఒకటే. నేననేది, తెలిసిన ఊరూ తెలిసిన యాసా అయితే కన్ను తడబడ్డా చెవి అందుకుంటుంది. మొదటి పుస్తకం మన గోదావరిదే అవ్వాలి.

మీరేమంటారు? నేనైతే పాలగుమ్మి పద్మరాజు గారి కథలు మళ్ళీ తిరగేస్తున్నాను. 'గాలివాన'కి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వాళ్ళ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చిందని అందరూ చెబుతారు. నాకు మాత్రం 'పడవ ప్రయాణం' దాని కంటే పెద్ద కథ. ఇది వేరే తగువు, తర్వాత చూద్దాం.


రిటైర్డ్ మాస్టారు, కొత్తపేట

అయ్యా, నేను మీ పక్షమే. పుస్తకం దగ్గరే తేడా. పార్వతీశం 1924 నాటి నవ్వు. అది అందాలంటే ఆనాటి చదువులేమిటో, ఇంగ్లండు ప్రయాణమంటే ఎంత హడావిడో కాస్త తెలిసుండాలి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారితో ఆ పేచీ లేదు. ఆయనది అనపర్తి దగ్గర పొలమూరు. వర్ణన తక్కువ, సంభాషణ ఎక్కువ. దొడ్లో నిలబడి ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటుంటే గోడవతల నుంచి వింటున్నట్టుంటుంది.

'అరికాళ్ళకింద మంటలు' ఇచ్చి చూడండి. ఇంటిల్లిపాదికీ చాకిరీ చేసి చేసి విసిగిపోయిన బాలవితంతువు, రాత్రికి రాత్రి గడప దాటి రాజమండ్రిలో వీరేశలింగం గారి తోటకి బయల్దేరుతుంది. ఉద్యోగం చేసుకునే ఆడపిల్లకి అది పాతకాలపు కథలా అనిపించదు.

మా కొత్తపేట పేరు చెప్పి బాపిరాజు గారి 'నారాయణరావు' ఇమ్మంటానేమో అని భయపడకండి. 1934లో 'వేయిపడగలు'తో పాటు బహుమతి పంచుకున్న నవలే, నాకు ప్రాణమే. కానీ ఆ లావు చూస్తేనే పిల్ల పారిపోతుంది.

ప్రస్తుతం నేను శ్రీపాద వారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' చదువుతున్నాను. ఎన్నోసారో అడక్కండి.


ఏరేటర్ల చప్పుడు, భీమవరం పక్కన

ఆయ్, మాస్టారికి నమస్కారం. నేను రొయ్యల చెరువు దగ్గర మకాంలో కూర్చుని చదివే బాపతు. తెల్లారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, కరెంటు పోతే వెంటనే జనరేటర్ వెయ్యాలి, కాబట్టి రాత్రంతా కన్ను మూసే పనిలేదు. అదండి నా చదువు రహస్యం.

నా మాట కాస్త కటువుగా ఉంటుంది, ఏమనుకోకండి. మీరు చెప్పే గోదావరి కథల్లో గోదావరి నాకు తెలీదు. పడవలు, లంకలు, కొబ్బరాకుల నీడ, పెరట్లో పనసచెట్టు. బావుంటాయి, కాదనను. మా నాన్న వరి వేసిన చేలు నా కళ్ళముందే చెరువులయ్యాయి. పడవ నేను సినిమాలోనే ఎక్కువ చూశాను. మేత రేటు, తెల్లమచ్చ వైరస్సు, పక్కచెరువు నీళ్ళు వరిచేలోకి ఊరడంతో వచ్చే తగాదాలు, ఇదీ నా గోదావరి. అందుకే "మన ఊరి కథ కాబట్టి తొందరగా ఎక్కుతుంది" అన్నది నా మటుకు నిజం కాలేదు.

నన్ను చదువులో పెట్టింది కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు'. పందులు కాసుకునే ముసలాయన, తప్పిపోయిన పంది కోసం అడవిలో పడతాడు. అంతే కథ. పల్చటి పుస్తకం. ఆ అడవి నేను చూసింది లేదు, పందుల్ని కాసిందీ లేదు. కానీ రాత్రిపూట ఒంటరిగా ఒక ప్రాణాన్ని కాపలా కాయడం నాకు తెలుసు కదండీ. కాలవగట్టు అన్నా, మీ ఇంట్లో మేడం గారు చెప్పిందే కరెక్టు.


దీవి, రాజోలు వైపు

"మన గోదావరి" అన్నప్పుడల్లా ఆ "మన"లో ఎవరున్నారని అడగాలనిపిస్తుంది. వంశీ గారి పసలపూడి కథలు స్వాతిలో బాపు బొమ్మలతో వచ్చేటప్పుడు మా ఇంట్లోనూ చదివేవాళ్ళం. వంశీ గారు కూర వండితే మనకి వాసనొస్తుంది, అందులో అనుమానం లేదు. ఆ కూర తినే అరుగుల మీద మాకు చోటు లేదన్నది కూడా చదువుతుంటే తెలిసిపోతుంది.

ఇదే నేల మీద మామిడికుదురులో 1911లో బోయి భీమన్న గారు పుట్టారు. ఆయన 'పాలేరు' నాటకంలో మా తాత వేషం వేశాడని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 'గుడిసెలు కాలిపోతున్నాయ్'కి 1975లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. గరిమెళ్ళ వారి 'మాకొద్దీ తెల్లదొరతనము' అందరికీ వచ్చు. దానికి జవాబుగా అదే రాజమండ్రిలో 'మాకొద్దీ నల్లదొరతనము' రాసిన కుసుమ ధర్మన్న గారి పేరు గోదావరి సాహిత్యం జాబితాల్లో ఎంతమంది వేస్తారు?

ఇంకో మాట. పసలపూడి అందరికీ తెలుసు. పాశర్లపూడిలో 1995 జనవరిలో గ్యాస్ బావి పేలి రెండు నెలల పైన మండింది. రాత్రిళ్ళు కూడా ఆకాశం ఎర్రగా ఉండేదని మా అమ్మ చెబుతుంది. దాని మీద నవల ఏదైనా ఉంటే చెప్పండి, ఎంతయినా సరే కొంటాను. అలాంటిది దొరికిన రోజు నేను కూడా "ముందు గోదావరి కథే ఇవ్వండి" అంటాను.


కార్డు నంబరు, గోదావరి జిల్లాల్లో ఒక శాఖా గ్రంథాలయం

నేను ఉండేది పుస్తకం ఇచ్చే బల్ల వెనక. ఏ ఊరో అడక్కండి. పొద్దున పేపర్ల కోసం పెద్దవాళ్ళు, పగలంతా గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివే పిల్లలు, మధ్యాహ్నం మూడు దాటాక నవలల కోసం ఆడవాళ్ళు. ఇదీ మా రోజు.

ఆ ఆడవాళ్ళు అడిగేది యద్దనపూడి, యండమూరి. ఎన్నేళ్ళయినా అవే. యద్దనపూడి సులోచనారాణి గారిది కృష్ణా జిల్లా కాజ. ఏ జిల్లా అని అడిగి తీసుకున్నవాళ్ళని నేను చూడలేదు. యండమూరి వీరేంద్రనాథ్ గారు పుట్టింది సాక్షాత్తూ రాజోలులో. దీవి గారి ఊరే! కానీ గోదావరి రచయితలు అనగానే ఆయన పేరు ఎవరికీ గుర్తురాదు. యాస రాయనివాడు మనవాడు కాడన్నమాట.

గ్రంథాలయోద్యమ పితామహుడు అయ్యంకి వెంకటరమణయ్య గారిది మన కొంకుదురు. ఆయన ఊరూరా గ్రంథాలయం కావాలన్నది జనం చదవాలని, ఫలానాదే చదవాలని కాదనుకుంటాను. మీ ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నారు కదా, ఆ డబ్బుతోనే మా అల్మరాలు. వచ్చి చూడకుండానే "లైబ్రరీలో ఏముంటాయిలే" అనకండి.

మేనకోడలికి యండమూరి గారి చేతబడి నవల 'తులసిదళం' ఇచ్చి తలుపేసుకోమనండి. తెల్లారేసరికి తెలుగు వచ్చేస్తుంది.


రిటైర్డ్ మాస్టారు, కొత్తపేట

అమ్మా, మీ బల్ల మీద గౌరవంతోనే అంటున్నాను. పేజీ తిప్పించడమే గొప్పయితే సెల్‌ఫోను మనందరి కంటే గొప్ప గురువు. ఆ పిల్ల ఇంగ్లీషులో ఉత్కంఠ నవలలు కావలసినన్ని చదివే ఉంటుంది. తెలుగులో మళ్ళీ అదే దొరికితే తెలుగెందుకు? ఇంగ్లీషులో దొరకనిది ఇస్తేనే రెండో పుస్తకం కోసం వస్తుంది. శ్రీపాద వారి వాక్యం ఇంగ్లీషులో దొరకదు. ఎవరెంత అనువదించినా దొరకదు.

దీవి గారూ, మీరు చెప్పిన లోటు నిజం. 'పాలేరు' నేను పాఠం చెప్పిన రోజుల్లో పిల్లల చేత చదివించాను. మొదటి పుస్తకంగా దాన్ని ఇవ్వమంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. అదీ మన గోదావరే కదా. అప్పుడు మీరు నా పక్షానే ఉన్నట్టు!


దీవి, రాజోలు వైపు

పట్టేశారు మాస్టారూ. సరే, సగం మీ పక్షం.


సగం తెలుగు, కాకినాడ

ఇంతసేపూ అందరూ ఆ మేనకోడలి గురించి మాట్లాడుతున్నారు. నేనే ఆ మేనకోడలి లాంటిదాన్ని కాబట్టి చెబుతాను.

యాస తెలిస్తే తేలికన్నది వినడానికి నిజం, చదవడానికి కాదు. "వెళ్ళి వచ్చేస్తాను" అని అచ్చులో ఉంటే నేను చూడగానే గుర్తుపడతాను, ఎందుకంటే ఆ రూపం బడి పుస్తకంలో చూశాను. "ఎల్లొచ్చేత్తాను" అని ఉంటే ఆగిపోతాను. మా నానమ్మ రోజూ అనే మాటే, అయినా అక్షరాల్లో ఎప్పుడూ చూసింది కాదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని పైకి చదివితే గానీ, "ఓ, ఇదా!" అనిపించదు. పేజీకి ఇలాంటివి ఇరవై ఉంటే మనిషి అలిసిపోతుంది. 'బుడుగు' తేలికని అందరూ నాకు ముందు అదే ఇచ్చారు. వింటే తేలికే. ముళ్ళపూడి వారి ఆ కలిపేసిన మాటలు కంటితో విడదీసుకోవడం నా వల్ల కాలేదు. ఆడియో పెట్టుకుని పక్కన పుస్తకం తెరిచి వేలుపెట్టి చదివాక నవ్వొచ్చింది.

రెండోది అచ్చు. పాత ముద్రణల్లో ఒత్తులు ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. ఏ పుస్తకం అన్నదానితో పాటు ఏ ముద్రణ అన్నది కూడా చూసి ఇవ్వండి. మీకది కనపడదు, ఎందుకంటే మీరు అక్షరాలు చూడటం ఎప్పుడో మానేసి మాటలు చూస్తున్నారు.

మూడోది, అన్నిటికంటే ముఖ్యం. మొదటిది పూర్తవ్వాలి. నేను ముందు కథలే చదివాను, కూర్చున్న బిగిన అయిపోయేవి. శ్రీపాద గారివి తర్వాతే అందాయి, అందాక వదల్లేదు, మాస్టారు అన్నది నిజమే. కానీ తర్వాత.

ఇప్పుడు చదువుతున్నది దాట్ల దేవదానం రాజు గారి 'యానాం కథలు'. మా పక్క ఊరే అయినా పూర్తిగా వేరే లోకం.


ఏరేటర్ల చప్పుడు, భీమవరం పక్కన

ఈ చెల్లెమ్మ మాటతో నాకో సంగతి అర్థమైంది. నేను కేశవరెడ్డి గారిది పూర్తి చెయ్యగలిగింది అడవి వల్లో ముసలాయన వల్లో అనుకున్నాను. పల్చగా ఉండటం వల్ల కూడా కావచ్చు. లావు పుస్తకమైతే రొయ్యలు పట్టే పట్టుబడి రోజుల్లో పక్కన పడేసేవాణ్ణి, మళ్ళీ తీసేవాణ్ణి కాదు.


కాలవగట్టు, పాలకొల్లు

మా ఆవిడకి ఇవన్నీ చదివి వినిపించాను. గెలిచానంటోంది. మాస్టారు ఉండగా అంత తొందరగా ఒప్పుకోను.

చెయ్యబోయేది చెబుతాను. 'అరికాళ్ళకింద మంటలు' పుస్తకంగా పంపను. మంచి ముద్రణలో ఆ ఒక్క కథా పెద్ద అక్షరాలొచ్చేలా జిరాక్సు తీయించి, చదివి రికార్డు చేసి వాట్సాప్‌లో పెడతాను. నా గొంతు సరిపోదు, చదివేది మా ఆవిడే. దాంతో పాటు 'అతడు అడవిని జయించాడు' కూడా పంపుతాను. దేన్ని ముందు తీస్తుందో పిల్ల ఇష్టం. 'తులసిదళం' వద్దులెండి, అది ఒక్కతే గదిలో ఉంటుంది, రాత్రి పన్నెండింటికి నాకు ఫోన్ వస్తుంది.

దీవి తమ్ముడూ, 'పాలేరు' మంచి ప్రతి ఎక్కడ దొరుకుతుంది? జనవరి పుస్తక మహోత్సవంలో విజయవాడలో వెతికాను, దొరకలేదు.


దీవి, రాజోలు వైపు

మా ఇంట్లో ఉన్నది అట్ట ఊడిపోయింది, పంపితే ఇంక తిరిగి రాదు. ఫోటోలు తీసి పెడతాను. కొత్త ముద్రణ సంగతి ఎవరికైనా తెలిస్తే ఇక్కడే రాయండి.


కార్డు నంబరు

మా దగ్గర ఒకటుంది. ఏడాదిగా ఎవరూ తీయలేదు. కార్డున్నవాళ్ళు రావచ్చు, పదిహేను రోజులు.


ఏరేటర్ల చప్పుడు, భీమవరం పక్కన

కాలవగట్టు అన్నా, మీరు చదవడం అయ్యాక ఆ పద్మరాజు గారి కథలు నాకివ్వండి. 'పడవ ప్రయాణం' పెద్దదో 'గాలివాన' పెద్దదో నేను తేలుస్తాను. బదులుగా నా కేశవరెడ్డి తీసుకోండి, చివరి పేజీల్లో మేత లెక్కలు రాసున్నాయి, అవి పట్టించుకోకండి. ఆదివారం సరుకు వేయడానికి పాలకొల్లు మీదుగానే వెళ్తాను.