పత్తి తీసేసి జామాయిల్ పెడితే నేలలో కర్బనం పెరుగుతుందా?

గుణుపురం కుర్రాడు:
మాది కొండ దిగువ గరువు (మెట్ట నేల), నాలుగెకరాలు. నాన్న చోళ్ళూ కందీ కలిపి వేసేవారు, తొమ్మిదేళ్ళుగా మాత్రం ఒట్టి పత్తే. ఈ ఏడు మట్టి పరీక్షలో సేంద్రియ కర్బనం (ఆకూ వేరూ చివికి నేలలో చేరే కర్బనం) 0.38 శాతం వచ్చింది, కార్డు మీద 'తక్కువ' అని కొట్టారు. మా బావేమో జామాయిల్ పెట్టేయ్, చెట్టు కదా, కర్బనం అదే పెరుగుతుంది, కార్బన్ క్రెడిట్ డబ్బులు (చెట్లు గాలిలోని కర్బనాన్ని పట్టుకున్నందుకు ఇచ్చేవి) కూడా వస్తాయంటున్నాడు. నిజమేనా?

గెడ్డవార రైతు:
0.5 లోపుంటే తక్కువే, 0.75 దాటితే ఎక్కువ. పత్తి కట్టె ఏం చేస్తున్నావు తమ్ముడూ? మా ఊళ్ళో అందరూ పీకి కుప్పేసి అంటించేస్తారు, ఆపైన జూన్ దాకా నేల బోడిగా పడుంటుంది, తొలి వానకే వాలులో పై మట్టి ఎర్రనీళ్ళయి గెడ్డలో కలుస్తుంది. కర్బనం ఎక్కువుండేది ఆ పై మట్టిలోనే మరి! కంది అయితే వేరు లోతుకు పోతుంది, ఆకంతా అక్కడే రాలుతుంది. మీ నాన్నగారి లెక్క అదీ.

పర్లాకిమిడి:
మాకు జామాయిల్ తోట ఉంది. చెట్టు పట్టుకున్న కర్బనంలో చాలా వంతు మానులోనే ఉంటుంది, కొట్టిన రోజున అది లారీ ఎక్కిపోతుంది. నేలకు మిగిలేది వేరూ, రాలిన ఆకూ. ఆ ఆకు త్వరగా చివకదు, మా తోటలో అయితే పొయ్యిలోకని ఊడ్చుకుపోతారు కూడా. దున్నడం ఆగుతుంది కాబట్టి బాగా చెడిన నేలలో కాస్త పెరగొచ్చు, కాదనను. కానీ తర్వాత మొద్దులు పీకించడానికి జేసీబీ దించితే నేలంతా తిరగబడి, దాచింది కూడా గాలిలో కలుస్తుంది. ఇక క్రెడిట్ అంటారా, ఒకాయన రిజిస్ట్రేషన్ పేరుతో మా దగ్గర డబ్బు తీసుకెళ్ళాడు, ఇప్పుడు ఫోనెత్తడు.

లెక్కల మనిషి:
ముందు మట్టి ఎక్కడ తీశావో చెప్పు. ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతున తీసి కలపాలి, గట్టు పక్కనా పెంటకుప్ప దగ్గరా తీయకూడదు. ఎకరాలో ఆ లోతు మట్టి సుమారు 850 టన్నులుంటుంది, అంటే 0.1 శాతం పెరగాలన్నా టన్నుకి కాస్త తక్కువ కర్బనం నేలలో నిలవాలి. వేసిన గత్తంలో (పశువుల ఎరువులో) చాలావరకు సూక్ష్మజీవులే తినేస్తాయి, కాబట్టి ఒక్క ఏడులో అయ్యే పని కాదు.

గుణుపురం కుర్రాడు:
సిగ్గేస్తోంది, గట్టు పక్కన ఒక్కచోటే తీశాను. మళ్ళీ ఇస్తాను. ఎనిమిది చాళ్ళ పత్తికి రెండు చాళ్ళు కంది వేద్దామనుకుంటున్నా. కట్టె అంటించకపోతే గులాబీ పురుగు (పత్తికాయ తొలిచేది) వస్తుందంటున్నాడు బావ, దానికేం చేయాలి?

గెడ్డవార రైతు:
కట్టె చేలో నిలబెట్టి వదిలేస్తే వస్తుంది. ట్రాక్టర్ ష్రెడర్‌తో ముక్కలు కొట్టించి కలియదున్నెయ్. అద్దెకు దొరకాలంటే జనవరిలోనే చెప్పి పెట్టుకో.