గట్టి పెంపకంలో పెరిగితే ‘నా చేతిలో ఏముంది’ అనే ధోరణి వస్తుందా?

మర్రిచెట్టు: ఎంపీసీయా బైపీసీయా, ఏ కాలేజీ, ఏ హాస్టల్ అన్నీ అమ్మానాన్నలే తేల్చేస్తే ఇరవయ్యేళ్లకు పిల్లలు “నా చేతిలో ఏముంది” అనక ఏమంటారు? జీవితం పగ్గాలు మన చేతిలో ఉన్నాయనుకుంటామా, బయట ఉన్నాయనుకుంటామా అని కొలిచేందుకు మనస్తత్వవేత్త రోటర్ 1966లో ఇచ్చిన స్కేలుతో చూసినా ఇదే తేలుతుందని నా వాదన.

తూనికరాయి: ఆ స్కేలుతోనే పేచీ. 29 జంట వాక్యాలు, ప్రతి జంటలో ఒకటి ఎంచుకోవాలి; ఆరు ఉత్తుత్తివి, లెక్కకొచ్చేవి 23. ఇందులో మార్కులు పెరిగేకొద్దీ పగ్గాలు బయట ఉన్నాయని నమ్ముతున్నట్టు. ‘తలరాత’ అన్నవాళ్లూ, ‘నాన్న ఒప్పుకోవాలి’ అన్నవాళ్లూ ఒకే గంపలో పడతారు. లెవెన్సన్ అనే మనస్తత్వవేత్త 1970ల్లో వీటిని విడదీసింది: స్వశక్తి, పెత్తనం చేసేవాళ్లు, అదృష్టం, ఒక్కోదానికి 8 వాక్యాలు. పెంపకం సంగతి తేలాలంటే రెండోదాన్ని విడిగా చూడాలి. పైగా ‘నాన్న ఒప్పుకోవాలి’ అనడం భ్రమేం కాదు, ఫీజు కట్టేది ఆయనే!

మర్రిచెట్టు: సరే, ఒక మెట్టు దిగాను. అయితే గట్టి పెంపకం మంచిదేనంటారా?

గడపదాటి: ‘గట్టి’లో రెండున్నాయండీ. “తొమ్మిదికల్లా ఇంట్లో ఉండాలి” అనేది నడవడిక మీద అదుపు. “నీకోసం ఇంత చేస్తే ఇదా” అని రెండ్రోజులు మాట మానేయడం మనసు మీద అదుపు. బార్బర్ అనే పరిశోధకుడు 1996లో రాసింది ఈ తేడా గురించే. మొదటిదాంట్లో నియమం ముందే తెలుసు, ఏం చేస్తే ఏమవుతుందో లెక్కేసుకోవచ్చు. రెండోదాంట్లో అమ్మ ముఖం ఎప్పుడు మాడుతుందో తెలియదు. చేసినదానికీ జరిగినదానికీ లంకె తెగిపోతుంది. దెబ్బ అక్కడ. అన్నట్టు, అడిగిందల్లా ఇచ్చే ఇంట్లోనూ ఆ లంకె ఉండదు.

తూనికరాయి: ఒప్పుకుంటా, ఒక్క మెలికతో. పెంపకం తీరును కొలిచే బురి 1991 ప్రశ్నావళిలో తల్లికి 30, తండ్రికి 30 వాక్యాలు. గుర్తుచేసుకుని నింపాల్సింది పిల్లలే. ఇవాళ నిస్సహాయంగా ఉన్నవాళ్లకు చిన్నప్పటి గద్దింపులే ముందు గుర్తొస్తాయి. ఈ ప్రశ్నావళినీ, పగ్గాల స్కేలునూ ఒకే పూట నింపిస్తే ఏది ముందో ఏది వెనకో తేలదు. ఇంటర్‌లో ఒకసారి, డిగ్రీలో మళ్లీ కొలవాలి. అమ్మానాన్నలను విడిగా అడగాలి. కారణం తిరగబడి కూడా ఉండొచ్చు: వాయిదాలు వేసే పిల్లల వెంటే కదా పెద్దలు ఎక్కువ పడేది!

గడపదాటి: అది తేలేదాకా ఇళ్లలో ఆగరుగా. పిల్లలు హాస్టల్లో ఉంటే మెస్ ఫీజు మీరే కట్టేయండి. మిగతా ఖర్చు డబ్బు నెలకోసారి చేతికివ్వండి. ఇరవయ్యో తేదీకే అయిపోతే మళ్లీ వేయకండి. చాలామంది చెడగొట్టేది ఇక్కడే: డబ్బిస్తారు, రాత్రి ఫోన్ చేసి లెక్కడుగుతారు.

మర్రిచెట్టు: కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు ఎవరు పెట్టాలి మరి?

గడపదాటి: జాబితా పిల్లలది, ఫీజు హద్దు మీది. ఫ్రీజ్ చేసేముందు కలిసి కూర్చోండి. వరస మారాలంటే కారణం చెప్పండి, మార్చడం మాత్రం వాళ్ల చేత్తోనే జరగనివ్వండి.