నాన్నగారిది పార్కిన్సన్స్, చూసినవాళ్లు తాగారనుకుంటున్నారు. నలుగురికీ ఎలా చెప్పాలి?

తెనాలి_అబ్బాయి:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు రిటైర్డ్ టీచరు, పార్కిన్సన్స్ ఉంది. చేతుల వణుకు పెద్దగా లేదు, అందుకే జబ్బు మనిషని ఎవరికీ అనిపించదు. కానీ నడక బాగా నెమ్మదించింది, అడుగులు చిన్నవయ్యాయి, మాట ముద్దముద్దగా వస్తుంది, ముఖంలో నవ్వుగానీ కోపంగానీ కనబడదు. మొన్న ఒక పెళ్లిలో భోజనాల దగ్గర తూలితే వెనక నుంచి ఎవరో "మాస్టారు పొద్దున్నే మొదలెట్టారే" అన్నారు. జీవితంలో చుక్క ముట్టని మనిషి ఆయన. అప్పటినుంచి ఇల్లు కదలనంటున్నారు. పలకరిస్తే నవ్వలేదని, గర్వమని అనుకునే చుట్టాలు వేరే. బ్యాంకులో అయితే సంతకం కలవలేదని డబ్బు ఇవ్వకుండా పంపేశారు. ఏప్రిల్ 11 ప్రపంచ పార్కిన్సన్స్ దినం కదా, ఆ రోజు కాలనీ హాల్లో అందర్నీ పిలిచి ఈ జబ్బు గురించి చెబుదామని నా ఆలోచన. అమ్మేమో ఊరంతా చాటడం ఎందుకురా అంటోంది. చెప్పడం మంచిదేనా? ఏం చెప్పాలి?

హన్మకొండ_పెద్దాయన:
తమ్ముడూ, నాకే ఉంది ఈ జబ్బు. ముందు మీ నాన్నను అడుగు, ఆయన సరే అనకుండా హాలు మాట్లాడకు. ఒప్పుకుంటే మాత్రం తప్పకుండా చెప్పండి. దాచాలని చూస్తే ఆ టెన్షన్‌కే వణుకు ఎక్కువవుతుంది, మాకందరికీ అనుభవమే. జనానికి అస్సలు తెలియనిది ఒకటి చెబుతాను. మాత్ర పనిచేసినంతసేపు కూరగాయలకు నేనే పోయి వస్తాను, దాని బలం తగ్గాక కుర్చీలోంచి లేవడానికి మనిషి సాయం కావాలి. పొద్దున బజార్లో చూసినవాళ్లే సాయంత్రం ఇంటికొచ్చి "మంచిగానే తిరిగావు కదా, ఇప్పుడేమైంది" అంటారు. నటిస్తున్నానన్నట్టు చూస్తారు. ఈ మాట మాత్రం మీటింగులో గట్టిగా చెప్పాలి. ఇంకోటి, బాక్సర్ మహమ్మద్ అలీ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో వణికే చేత్తోనే జ్యోతి వెలిగించాడు, ప్రపంచమంతా చూసింది. ఆ వీడియో వేసి చూపించండి.

ఫిజియో_విజయవాడ:
మెదడులో డోపమైన్ (కదలికల్ని అదుపుచేసే రసాయనం) తయారుచేసే కణాలు మెల్లమెల్లగా తగ్గిపోవడం వల్ల వచ్చే జబ్బు ఇది, అంటువ్యాధి కాదు, వణుకు లేకుండా కూడా ఉంటుంది. ఇంతవరకు చెబితే చాలు, హాల్లో పెద్ద లెక్చర్ అక్కర్లేదు. వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో అరవడం, కాళ్లు చేతులు విసరడం చాలామందిలో కొన్నేళ్ల ముందే మొదలవుతాయి, అది కూడా చెప్పండి, ఎవరికైనా పనికొస్తుంది.

దానికంటే ముఖ్యం, ఎదురుగా ఉన్నవాళ్లు ఎలా మెలగాలో చేసి చూపించడం. గుమ్మం దగ్గరో, మలుపులోనో కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి. అప్పుడు చెయ్యి పట్టి లాగొద్దు, పడిపోతారు. ఒక్క క్షణం ఆగి, బరువు ఒక కాలి మీదకు మార్చుకుని, "ఒకటి, రెండు" అని లెక్కపెడుతూ పెద్ద అడుగు వేయమనాలి. నేల మీద అడ్డంగా రంగు టేపు అంటిస్తే, దాన్ని దాటాలన్న ధ్యాసతో చాలామంది కదులుతారు. మాట తడుముకుంటుంటే మనం అందుకుని పూర్తిచేయకూడదు.

మాత్ర టైముకి పడాలి. పప్పు, గుడ్డు, మాంసం తిన్న వెంటనే వేస్తే కొందరికి మందు సరిగా పట్టదు, కనీసం అరగంట ముందు వేసుకుంటే మేలు, మీ డాక్టరును కూడా అడగండి. కళ్లు తిరుగుతున్నాయనో వాంతులనో షాపులో అడిగి మందులు తెచ్చుకోవద్దు, సిన్నరిజిన్, మెటోక్లోప్రమైడ్ లాంటివి ఈ లక్షణాల్ని ఇంకా పెంచుతాయి.

పల్లె_వైద్యం:
ఈ జబ్బునే మా వైపు కంపవాతం అంటారు, దానికి దూలగొండి గింజల పొడి పాలలో కలిపి ఇస్తారండీ. అదీ చూడండి.

ఫిజియో_విజయవాడ:
అన్నా, దూలగొండిలో ఉన్నది కూడా లెవోడోపానే (మెదడులో డోపమైన్‌గా మారే మందు), ఆయన మింగే మాత్రలోనూ సాధారణంగా అదే ఉంటుంది. రెండూ కలిస్తే డోసు ఎక్కువై ఒళ్లు మెలికలు తిరగొచ్చు, బీపీ పడిపోవచ్చు. న్యూరాలజిస్టుకు చెప్పకుండా మాత్రం వద్దు.

బ్యాంకు_ఉద్యోగి:
ఈ జబ్బులో అక్షరాలు చిన్నవైపోతాయి, పాత సంతకంతో కలవదు. సంతకం పెట్టలేని ఖాతాదారు ఇద్దరు సాక్షుల ముందు వేలిముద్ర వేసి డబ్బు తీసుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు నిబంధనే ఉంది, సాక్షుల్లో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. మేనేజరుతో నేరుగా మాట్లాడండి, ఇప్పటి సంతకాన్ని కొత్త నమూనాగా కూడా ఇవ్వొచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్ పేరు ఉంది, యూడీఐడీ కార్డుకు (వికలాంగుల గుర్తింపు కార్డు) అప్లై చేయండి. క్యూలో నిలబడి అందరికీ వివరించే బాధ కొంత తగ్గుతుంది.

తెనాలి_అబ్బాయి:
అందరికీ చాలా థాంక్స్. నాన్నగారిని అడిగాను. నువ్వెందుకు, నేనే మాట్లాడతాను అన్నారు. గొంతు చిన్నగా వస్తుంది కాబట్టి మైకు పెడుతున్నాం, మాత్ర బాగా పనిచేసే టైము చూసుకుని పొద్దున పదిన్నరకి అనుకున్నాం. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు, పెద్దాయనగారు రాసింది చదివి వినిపిస్తాను. గుంటూరు, తెనాలి వైపు ఇంట్లో ఈ జబ్బున్న వాళ్లుంటే మెసేజ్ పెట్టండి, మీ పెద్దవాళ్లను కూడా తీసుకురండి.