రాస్ప్‌బెర్రీ పై 3లో సర్వో వణుకుతోంది, ఏం చేయాలి?

మాది కొత్తపట్నం. రొయ్యల చెరువు దగ్గర మేత డబ్బా మూతకి సర్వో (మూత తిప్పే చిన్న మోటారు) పెట్టాను, సిగ్నల్ రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ జీపీఐవో 17 పిన్ను నుంచి. మూత మూసి ఉన్నా సర్వో టకటకమంటూ వణుకుతోంది, సందులోంచి మేత గట్టు మీద రాలుతోంది. మేత ధర తెలిసిందే కదా, చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది. కెమెరా ఆన్ చేస్తే వణుకు ఇంకా ఎక్కువ.

జవాబు: తమ్ముడూ, 17 మీద వచ్చేది సాఫ్ట్‌వేర్ పీడబ్ల్యూఎం, అంటే సర్వోని నడిపే పల్సుల్ని ప్రోగ్రామే పంపుతుంది. ప్రాసెసర్‌కి వేరే పని తగిలితే పల్స్ వెడల్పు మారిపోతుంది, కెమెరా ఆన్ చేస్తే జరిగేది అదే. హార్డ్‌వేర్ పీడబ్ల్యూఎం (పల్సుల్ని చిప్పే సొంతంగా ఇచ్చేది) 12, 13, 18, 19 పిన్నులకే ఉంది. వైరు 18కి మార్చి, కాన్ఫిగ్ ఫైల్లో పీడబ్ల్యూఎం ఓవర్‌లే (ఆ పిన్నుకి పీడబ్ల్యూఎం ఆన్ చేసే సెట్టింగ్) పెట్టు. ఆడియో మాత్రం ఆఫ్ చెయ్యి, హెడ్‌ఫోన్ జాక్ కూడా ఆ పీడబ్ల్యూఎం మీదే నడుస్తుంది. విలువలు నానోసెకన్లలో ఇవ్వాలి: ముందు పీరియడ్ (ఒక పల్స్ మొదలు నుంచి ఇంకో పల్స్ మొదలు దాకా) 2,00,00,000, ఆ తర్వాతే డ్యూటీ (పల్స్ వెడల్పు) 15,00,000. వరస తప్పితే ఎర్రర్ ఇస్తుంది.

ఇంకో జవాబు: సర్వోకి వేరే అడాప్టర్ ఉంటే దాని గ్రౌండ్ (నెగటివ్ వైరు), రాస్ప్‌బెర్రీ పై గ్రౌండ్ కలపండి. లేకపోతే ఏ పిన్ను పెట్టినా వణుకే.

గ్రౌండ్ ముందే కలిపి ఉందండీ. 18కి మార్చాక కెమెరా నడుస్తున్నా మూత కదలట్లేదు. చాలా థ్యాంక్స్ అన్నా! రెండో డబ్బాకి 12 వాడొచ్చా?

జవాబు: వద్దు, 12, 18 ఒకే ఛానల్. రెండు మూతలూ కలిసే తెరుచుకుంటాయి. 13 తీసుకో.