ఆత్మరక్షణకు 9 ఎంఎం చాలా, పాయింట్ 45 కావాలా?
ఇంటి రక్షణకు మొదటి పిస్టల్ కొనాలి, క్యాలిబర్ (తూటా సైజు) దగ్గరే ఆగిపోయాను. పాయింట్ 45 తూటా వ్యాసం దాదాపు 11.5 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర మిల్లీమీటర్లు ఎక్కువ. దాడి చేసేవాణ్ణి ఆపడంలో ఆ తేడా నిజంగా కనిపిస్తుందా? 1986 మయామీ కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లు చనిపోయాక పెద్ద తూటాలకు మారిన అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కూడా చివరికి 9 ఎంఎంకే తిరిగొచ్చింది. శరీర కండరాన్ని పోలిన పరీక్ష జెల్‌లో తూటా 12 నుంచి 18 అంగుళాలు దిగాలన్నది వాళ్ల కొలమానం. మంచి హాలో పాయింట్ తూటాలైతే (మొన బోలుగా ఉండి, తగలగానే విచ్చుకునేవి) రెండూ దాన్ని అందుకుంటాయి.

నాకైతే రీకాయిలే (కాల్చినప్పుడు పిస్టల్ వెనక్కి తన్నడం) ముఖ్యమనిపిస్తోంది. రేంజ్‌లో పాయింట్ 45తో నా రెండో షాట్ పక్కకు పోతోంది, 9 ఎంఎంతో కుదురుతోంది.

అసలు టెన్షన్ మా ఆవిడ గురించి. తన మణికట్టు బలహీనం, అవసరమైతే తనూ వాడాలి. 9 ఎంఎం కన్నా తక్కువ శక్తి ఉండే పాయింట్ 380 తీసుకుంటే తూటా తగినంత లోతు వెళ్తుందా? చిన్న పిస్టల్‌లో అది కూడా గట్టిగానే తన్నుతుందా? వాడినవాళ్లు దయచేసి చెప్పండి.